చెన్నకేశవులు చేతి కొలత

లూదియాకు ఆ బండి దొరికింది తమ్ముడు డేవిడ్ వల్ల.

ఆమె ఆళ్లగడ్డలో ఒక విత్తనాల అంగడిలో బిల్లులు కొట్టే పని చేస్తుంది. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ సన్నబడిపోయాయి. ఇంట్లోనూ అంగడిలోనూ చంకకర్రలతో తిరుగుతుంది. ఇంటి నుంచి అంగడికి మాత్రం డేవిడ్ మోటారు సైకిలు మీద తీసుకుపోయి, సాయంత్రం మళ్లీ తెచ్చి దించేవాడు. వాడు సరుకుల ఆటో కొనుక్కున్నాక ఆ ఏర్పాటు చెడింది. తెల్లవారకముందే రుద్రవరం వైపో దొర్నిపాడు వైపో బాడుగకు పోవాలి. తిరిగొచ్చే వేళ వాడి చేతిలో ఉండదు. పత్తి విత్తనాల కాలంలో అంగడి తలుపు తీయకముందే రైతులు వచ్చి నిలబడతారు. ఆ వేళకు లూదియా తమ్ముడి కోసం వాకిట్లో కూర్చుని ఉండేది. ఆలస్యంగా పోయినా యజమాని ఒక్క మాట అనేవాడు కాదు. అంటే బాగుండుననిపించేది ఆమెకు.

నంద్యాలలో డేవిడ్ తరచూ పోయే ఇల్లొకటి ఉంది. అది చెన్నకేశవులుది. సంజామల దగ్గర సేద్యం కుటుంబం వాళ్లది. వయసులో ఉండగా ట్రాక్టరు తిరగబడి ఆయన నడుము విరిగింది. ఆ తర్వాత కాళ్లు పని చేయలేదు. పొలం అన్నలకు వదిలి, భార్య రామేశ్వరమ్మతో నంద్యాల చేరి, బోరు మోటార్లకు వైండింగు చేసే అంగడి పెట్టుకున్నాడు. కాలిపోయిన మోటార్లను డేవిడ్ ఆటోలో వేసుకుని ఆయన దగ్గరికి తెచ్చేవాడు. ఆయన తిరిగే మూడు చక్రాల బండి ఎవరో ఇచ్చింది కాదు, పైపులు కొని పక్కన కూర్చుని చేయించుకున్నది. ఎడమ చేతికి స్టీరింగు. కుడి చేతికి, మోకాళ్ల ముందు నిలబెట్టిన ఇనప కంబం మీద తిప్పే పిడి. పిడితో పాటు పళ్లచక్రం తిరుగుతుంది, అక్కడి నుంచి పొడుగాటి చైను సీటు పక్కగా పోయి కుడివైపు వెనక చక్రాన్ని లాగుతుంది. ఆ బండి మీద ఆయన నంద్యాలలో తిరగని సందు లేదు.

కిందటి ఏడు ఆయన గుండె ఆగి పోయాడు. బండిని పంచలో నిలిపి మీద పట్ట కప్పారు. కొన్ని నెలలు చూసి చూసి, డేవిడ్ ఒకరోజు ధైర్యం చేసి తన అక్క సంగతి చెప్పాడు. రామేశ్వరమ్మ అవుననలేదు, కాదనలేదు. ఆమెనే ఒకసారి పిలుచుకొని రమ్మంది.

లూదియా వెళ్లింది. రామేశ్వరమ్మ పట్ట తీసి, సీటు తుడిచి, ఎక్కమంది. వీధి చివరిదాకా పోయి మళ్లించుకొని వచ్చేదాకా గడపలో నిలబడి చూసింది. తర్వాత డేవిడ్‌తో, ఆటోలోకి ఎక్కించుకో అంది. దానికి ఏమీ తీసుకోనంది. ఆటో కదిలే ముందు మాత్రం దగ్గరికి వచ్చి లూదియా చేయి పట్టుకుంది.

"ఆయన ఎట్ల చేసినాడో అట్లనే ఉండనీ మా. దేన్నీ మార్చొద్దు."

లూదియా సరేనంది. ఆ నిమిషంలో బండి తప్ప ఆమెకు వేరే ఆలోచన లేదు.

మొదటి వారాలు పండగలాగే గడిచాయి. ఎవరి కోసమూ ఎదురుచూడకుండా ఇల్లు వదలడం ఆమెకు అంతకుముందు తెలియని సంగతి. అంగడికి పోయే దారిలోనే కాక, సాయంత్రాలు చుట్టు తిరిగి కూరగాయల బజారు మీదుగా వచ్చేది. తల్లి ఏసమ్మ కొత్తిమీర తెమ్మంటే, కొత్తిమీర ఒక్కటే తేవడం ఇష్టం లేక ఇంకో రెండు రకాల ఆకుకూరలు కొనుక్కొచ్చేది. ఆదివారం చర్చికి తల్లిని వెనక కూర్చోబెట్టుకొని పోయింది. ఏసమ్మ దారి పొడుగునా దిగుతానంటూనే ఉంది.

కానీ బండి ఆమె ఒంటికి సరిపోలేదు. పిడి దూరంగా ఉంది. దగ్గరికి వచ్చినప్పుడు బాగానే ఉంటుంది. ముందుకు పోయినప్పుడు మాత్రం నడుము సీటును వదిలి ముందుకు వంగితే తప్ప చేయి అందదు. కాళ్లలో బలం ఉన్నవాళ్లకు అది పెద్ద సంగతి కాదు. పాదాలు తన్నిపెట్టి ఆపుకుంటారు. లూదియా ప్రతి చుట్టుకూ ఒళ్లంతా ముందుకు విసిరి, మళ్లీ వెనక్కు లాక్కోవాలి. ఏసమ్మ పాత చీరలు కుక్కి వీపు వెనకకు దిండు కుట్టింది. దిండు పెడితే చేయి అందింది గానీ లూదియా సీటు అంచుకు వచ్చి జారిపోబోయింది. దిండు తీసేసింది. కుడి భుజం నొప్పి మొదలై, మెడకు పాకి, అంగడిలో బస్తా లేబులు చదవడానికి తల తిప్పాలన్నా పళ్లు బిగించాల్సి వచ్చింది. కంబం వెనక్కు జరిపించుకోమని డేవిడ్ అన్నప్పుడల్లా, మార్చనని మాట ఇచ్చినా కదరా అనేది.

చైను తెగింది ఒక సోమవారం పొద్దున, నాలుగు రోడ్ల కూడలి దాటుతుండగా. పిడి ఒక్కసారిగా ఖాళీగా తిరిగింది. చైను వెనక పాములా రోడ్డు మీద పడింది. వెనకనుంచి బస్సు హారను. ఎవరో ఇద్దరు మనుషులు బండిని పక్కకు తోశారు, ఇంకొకాయన చైను ఏరి ఒళ్లో పెట్టాడు. ఆ మసి చీరకంతా అంటుకుంది. వాళ్లే వెంకటేష్ అంగడి దాకా తోసుకొచ్చి వదిలిపోయారు.

వెంకటేష్‌కు సైకిళ్ల పనీ వెల్డింగు పనీ రెండూ వచ్చు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ. చైను చేతిలోకి తీసుకుని రెండు వేళ్లతో అటూ ఇటూ వంచి చూశాడు. అరిగిపోయింది, అతుకు వేసినా నాలుగు రోజులకు ఇంకోచోట తెగుతుంది, కొత్తదే వేయాలన్నాడు. ఇంత పొడుగు చైను అంగట్లో దొరకదు. సైకిలు చైన్లు తెచ్చి ఒకదానికొకటి కలపాలి. పాతదాన్ని నేల మీద పరిచి, దాని పక్కన కొత్తది పరిచి సరిచూస్తే సరిపోతుంది కదా అని లూదియా అడిగింది. అట్ల కుదరదన్నాడు. పాతదాంట్లో ఒక్కొక్క లింకూ వెంట్రుకంత సాగి ఉంటుంది, అంత పొడుగులో అదంతా కలిసి ఒక వేలు ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి పొడుగు చూడకూడదు, లింకులు లెక్కపెట్టాలి.

లెక్కపెట్టబోతూ ఆగి, ఆమె భుజం పట్టుకుని కూర్చున్న తీరు చూశాడు.

"అక్కా, ఈ కంబం నీకు దూరమైతాంది కదా. జరపాలంటే ఇప్పుడే చెప్పు. చైను ఎప్పుడైనా ఆఖర్న. అది కోసినాంక కంబం జరిపితే మళ్ల మొదటికొస్తాది."

లూదియా కంబం వైపు చూసింది. అన్ని రోజులూ నొప్పిని ఓర్చుకోవడం సులువుగానే ఉంది, ఎందుకంటే అది రోజుకింత చొప్పున వచ్చేది. ఇప్పుడు కొత్త చైను పాత లెక్క ప్రకారం వేయిస్తే, చెన్నకేశవులు చేతి పొడుగును ఇంకో పదేళ్లకు తన ఒంటికి తగిలించుకున్నట్టే. రెండు రోజులు ఆగమని చెప్పి, చంకకర్రల మీద అంగడికి పోయింది.

బుధవారం డేవిడ్‌కు నంద్యాల బాడుగ ఉంటే వాడితో పోయింది. రామేశ్వరమ్మ చాప పరిచి, మజ్జిగ ఇచ్చి, బండి బాగా నడుస్తోందా అని ముందు అదే అడిగింది. లూదియా దాచకుండా చెప్పింది. చైను తెగడం, భుజం నొప్పి, వెంకటేష్ అన్న మాట, అన్నీ. కంబాన్ని కొంచెం వెనక్కు జరుపుకుంటానని, తక్కిన బండి ముట్టుకోననీ చెప్పింది. రామేశ్వరమ్మ వింటూ మజ్జిగ చెంబు మూత తీసి మళ్లీ పెట్టింది.

"కంబం వెల్డింగు కోయాల్న?"

"కోయాలక్కా."

"ఆడ ఆయన సుద్దముక్కతో గీత గీసి పెట్టించుకున్యాడు. నేను ఆడ్నే నిలబడినా." చెంబు మూత గట్టిగా నొక్కింది. "మార్చేటట్టుంటే నాది నాకు తెచ్చియ్యి మా. ఇంకెవురికీ ఇయ్యను. ఈడ్నే ఉంటాది."

లూదియా బతిమాలలేదు. శనివారం పంపిస్తానని చెప్పి లేచింది. తిరుగు దారిలో డేవిడ్ ఉడికిపోయాడు. పంచలో తుప్పు పట్టడానికి పెట్టుకుంటుందా, ఇచ్చిన వస్తువు మళ్లీ అడుగుతారా అని ఆళ్లగడ్డ వచ్చేదాకా తిట్టాడు. ఆమె అడ్డం చెప్పలేదు, ఒప్పుకోనూ లేదు. చనిపోయినవాళ్ల వస్తువు మీద ఎవరికి ఎంత హక్కుంటుందో ఆమెకు తెలియలేదు. తమ నాయన ఓబయ్య పోయినప్పుడు ఏసమ్మ ఆయన చొక్కాలన్నీ వారంలోపే పంచిపెట్టేసింది. అది కూడా అప్పట్లో లూదియాకు నచ్చలేదు.

శుక్రవారం మధ్యాహ్నం విత్తనాల అంగడికి వెంకటేష్ ఫోను చేశాడు. నంద్యాల నుంచి ఎవరో పెద్దామె వచ్చి బండి దగ్గర కూర్చున్నారన్నాడు.

లూదియా పోయేసరికి రామేశ్వరమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. బస్సులో వచ్చి, డేవిడ్‌కు ఫోను చేసి దారి కనుక్కుందట. బండి అంతా సరిగ్గా ఉందో లేదో చూసుకుని తీసుకుపోదామని వచ్చినానంది. రెండు మూడుసార్లు బండి చుట్టూ తిరిగి, స్టీరింగు పట్టీని సరిచేసి, చివరికి లూదియా వైపు తిరిగింది.

"ఎంత దూరమైతాందంటావు? ఎక్కి చూపియ్యి."

లూదియా చంకకర్రలు గోడకు ఆనించి ఎక్కింది. చైను లేదు కాబట్టి పిడి తేలిగ్గా తిరిగింది. అయినా ముందుకు పోయినప్పుడల్లా ఆమె వీపు సీటును వదిలి లేచింది. రామేశ్వరమ్మ వెనక్కు పోయి, వీపుకూ సీటుకూ మధ్య సందులో తన చేయి పెట్టి చూసింది. అరచేయి అడ్డంగా పట్టింది. ఇంకోసారి తిప్పమంది. లూదియా తిప్పింది. ఎముక కదిలే చోట భుజం మీద చేయి వేసి, అక్కడే ఉంచి, మూడోసారి తిప్పమంది.

తర్వాత దిగమంది. లూదియా దిగాక, కొంగు నడుముకు దోపి, పైపు పట్టుకుని తానే ఎక్కి కూర్చుంది. వెంకటేష్ చేతిలో పని ఆపేశాడు. ఆమె వీపు సీటుకు ఆనించి, కాళ్లు పలక మీద పెట్టుకుని, కుడి చేయి చాపింది. వేళ్లు పిడికి అందలేదు. ఇంకొంచెం చాపింది. చాపిన చేయిని అలాగే గాలిలో ఉంచి చాలాసేపు దాన్నే చూసింది.

"ఇన్నేండ్లు తోసినా దీన్ని," అంది. "ఎత్తు రోడ్డు వస్తే తోసినా, వాన వస్తే తోసినా. ఒక్కరోజన్నా కూచోలే." చేయి ఒళ్లోకి తీసుకుంది. "ఇంత పొడుగు చేతులా ఆయనవి. నాకు తెలీనే లేదు చూడు."

ఆమె కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకోవలసిన అవసరమూ రాలేదు. కానీ వెంటనే దిగలేదు. రోడ్డు మీద ఒక ట్రాక్టరు మొక్కజొన్న బస్తాలతో పోయేదాకా కూర్చుని, అప్పుడు లూదియా చేయి ఊతగా పట్టుకుని దిగింది.

"కోయప్పా," అంది వెంకటేష్‌తో. "యాడికి కావాల్నో ఆడికి పెట్టు."

వెంకటేష్ వెల్డింగు కోశాడు. నిప్పురవ్వలు ఎగిరినప్పుడు రామేశ్వరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. కంబం ఊడి చేతికి వచ్చింది. లూదియాను ఎక్కించి, వీపు సీటుకు బాగా ఆనించి కూర్చోమన్నాడు. కంబాన్ని రెండు చేతులా నిలబెట్టి, పిడిని చివరి దాకా ముందుకు తిప్పి పట్టుకోమన్నాడు. చేయి పూర్తిగా చాచుకోకూడదు, అంత దూరంలో కూడా మోచేతి దగ్గర కొంచెం వంపు మిగలాలి. లేకపోతే మళ్లీ భుజం పట్టేస్తుంది. అలా జరుపుతూ జరుపుతూ ఒకచోట ఆపాడు. రామేశ్వరమ్మ మోకాళ్ల మీద కూర్చుని, పాత గుర్తుకూ కొత్త గుర్తుకూ మధ్య తన జాన పెట్టి చూసింది. సరిగ్గా జానెడు. మోచేయి ఎత్తుగా ఉంది, పిడిని కిందికి దించమని ఆమే చెప్పింది. దించాడు.

ఈసారి వెల్డింగు పెడతానంటే ఆమె ఒప్పుకోలేదు.

"బోల్టులు పెట్టు. రేపు ఈ పాప భుజం ఎట్లుంటాదో ఎవురికి తెల్సు."

పట్టీలు వేసి బోల్టులతో బిగించాక వెంకటేష్ చైను మీదికి వచ్చాడు. పాతదానిలో లింకులు ఎన్నో ముందే లెక్కపెట్టి సుద్దతో గోడ మీద రాసుకున్నాడు. కంబం జానెడు దగ్గరైంది కాబట్టి అందులో జానెడు చైనుకు పట్టే లింకులు తీసేశాడు. కొత్త చైన్లు కలిపి, పళ్లచక్రం మీదా వెనక చక్రం మీదా ఎక్కించి, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి చూస్తే చైను వదులుగా కిందికి వేలాడింది. వెనక చక్రం ఏమైనా జరిగిందేమోనని చూశాడు. జరగలేదు. మళ్లీ లెక్కపెట్టాడు. లెక్క సరిగ్గానే ఉంది.

లూదియా వేలాడే చైనును చూస్తూ, వేలితో దాని పైవరస వెంట వెనక్కు పోయి, కింది వరస వెంట మళ్లీ ముందుకు వచ్చింది.

"అన్నా, ఇది పోయేదీ ఉంది, వచ్చేదీ ఉంది కదా. పైన జానెడు తగ్గింది, కింద కూడా జానెడు తగ్గింది. మనం ఒకటే తీసినాం."

వెంకటేష్ ఒక క్షణం ఆలోచించి, తల గోక్కుని నవ్వాడు. మామూలు సైకిలుకు ఈ తిప్పలుండవు, చక్రాన్ని కొంచెం వెనక్కు లాగితే సరిపోతుంది, అలవాటు కొద్దీ అట్లే అనుకున్నానన్నాడు. పొడుగైంది కాబట్టి నష్టం లేదు, పొట్టిదై ఉంటే అతుకులు పెట్టుకుంటూ కూర్చునేవాళ్లం అన్నాడు. ఇంకో జానెడు తీశాడు. ఈసారి దాదాపు సరిపోయింది, కానీ రెండు కొసలూ ఒకే రకానివి వచ్చాయి. చైనులో ఒక లింకు వెడల్పు, ఒక లింకు ఇరుకు, ఇరుకుది వెడల్పుదాంట్లో దూరితేనే కలుస్తుంది. రెండూ వెడల్పువే అయితే కలవవు. ఒక లింకు తీసేస్తే చైను బిర్రుగా అయిపోతుంది. ఒకటి చేరిస్తే కొంచెం వదులు మిగులుతుంది.

బిర్రుగా వద్దు, చేర్చమంది లూదియా. వదులును కంబం జరిపి సరిచేయవచ్చు. బోల్టులు సడలించి, కంబాన్ని సగం వేలు వెడల్పు ముందుకు తోశాడు. ఆమె పిడి పట్టుకుని చూసింది. ఆ కాస్త దూరం చేతికి తెలియలేదు. చైను మధ్యలో బొటనవేలితో నొక్కితే కొంచెం దిగి పైకి లేచింది. వెంకటేష్ అంతటితో వదలకుండా, చక్రాన్ని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పించి ఆగిన ప్రతి చోటా నొక్కి చూశాడు. ఏ చక్రమూ పూర్తిగా గుండ్రంగా ఉండదు, ఒకచోట బిగువు, ఒకచోట వదులు. బాగా బిగిసిన చోట కూడా కొంచెం ఆట ఉండాలట. ఉంది. బోల్టులు గట్టిగా తిప్పి, చైనుకు నూనె వేశాడు.

కింద పడి ఉన్న పాత చైను ముక్కలను ఏం చేయాలో వెంకటేష్ రామేశ్వరమ్మను అడిగాడు. ఇంటికి తీసుకుపోతుందేమో అనుకున్నాడు.

"నేనేం చేసుకుంటా? పాత ఇనుములో వెయ్యి."

లూదియా ఆ సాయంత్రం ఏసమ్మ దగ్గరికి రమ్మని, రాత్రికి ఉండి పొమ్మని అడిగింది. రామేశ్వరమ్మ ఒప్పుకోలేదు. ఇంట్లో బర్రె ఉంది, పాలు పిండాల్సిన వేళకు పోవాలంది. బస్‌స్టాండు వరకు కలిసి పోదామని మాత్రం అంది. ఆమె బండి పక్కన నడిచింది. చేయి అలవాటు కొద్దీ సీటు వెనక పైపు మీదికి పోయింది. రెండు అడుగులు తోశాక, బండి తన తోపు లేకుండానే ముందుకు పోతోందని తెలిసి చేయి తీసేసింది.

లూదియా వీపు సీటుకే ఆని ఉంది. పిడి ముందుకు పోయి వెనక్కు వస్తోంది, ఒళ్లు మాత్రం కదలడం లేదు. నొప్పి ఇంకా ఉంది. అది పోవడానికి చాలా రోజులు పట్టింది, మెడ తిప్పగలగడానికి ఇంకో నెల. కానీ ఆ సాయంత్రం ఆమె భయపడింది నొప్పికి కాదు. తను వేగంగా పోతే రామేశ్వరమ్మ వెనకబడిపోతుందని. అందుకే ఆగి ఆగి తిప్పింది. పెట్రోలు బంకు దగ్గర రామేశ్వరమ్మ అది గమనించింది.

"నాకోసం ఆగొద్దు మా. నువ్వు పో. నేను వస్తాండా."

లూదియా ముందుకు పోయి బస్‌స్టాండు గేటు దగ్గర నిలిచింది. వెనక్కు తిరిగి చూస్తే రామేశ్వరమ్మ రోడ్డు అంచున, చెప్పులు దుమ్ములో ఈడుస్తూ, తొందర లేకుండా వస్తోంది. నంద్యాల బస్సు అప్పటికే నిండిపోయింది. కండక్టరు లోపలికి జరగమని అరుస్తున్నాడు. ఆమె ఎక్కి, కిటికీ పక్కన ఎవరినో అడిగి చోటు సంపాదించుకుని, భుజానికి నూనె కాచి రాసుకోమని లోపలి నుంచి చెప్పింది.

బస్సు మలుపు తిరిగాక లూదియా బండి తిప్పింది. అంగడి ఇంకా తెరిచే ఉంటుంది. మధ్యాహ్నం సగంలో వదిలి వచ్చిన బిల్లులున్నాయి.